నడిసముద్రంలో నిప్పురవ్వ: ఓలే ఎవిన్‌రూడ్ జీవితం

మన నెల్లూరు సీమకు తూర్పు దిక్కున సముద్రమే సరిహద్దు. రామాయపట్నం మొదలుకొని జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాళెం మీదుగా పులికాటు సరస్సు దాకా సాగిన ఈ తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఇంజను పడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. 2015 నుండి ఈ నిషేధం 61 దినాలు. అయినను ఆ రెండు మాసాలు పల్లెలు ఊరకుండవు. చిరిగిన వలలు బాగుచేసికొనుట, పడవలకు రంగులు పూయుట, ఇంజన్లు విప్పి బిగించుట, అన్నియు ఆ దినాలలోనే జరగవలెను.

కొన్ని సంవత్సరాల క్రిందట అటువంటి ఒక వేసవిలో మా శిష్యుడొకడు మమ్ము తన గ్రామానికి తీసికొనిపోయినాడు. తాటాకు పందిరి క్రింద అతని తాత ఒక పాత ఇంజనును ముక్కాలిపీటకు బిగించి, దాని ముందు కూర్చొని ఉన్నాడు. పడవ వెనుక చెక్కకు తగిలించే రకపు ఇంజను అది. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలుకు మార్చవలెను. ఆ ఇంజను ఏ కంపెనీదో ఇక్కడ అప్రస్తుతం. పైమూత తీసి, పానాతో నట్టు వదులుచేసి, పుల్లరుతో ఫ్లైవీలును పైకి లాగినాడు. దాని అడుగున కందిబద్దంత లోహపు బిళ్ళలు రెండు, ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవి. వానినే పాయింట్లు అంటారు. వాని ముఖాలు నల్లబడి, గుంటలు పడి ఉన్నవి. ఆ పెద్దాయన వానిని ఊడదీసి మా అరచేతిలో పెట్టినాడు.

తన నడివయసులో ఒక రాత్రి, ఒడ్డు దీపాలు కనబడనంత దూరాన, ఇంతటి బిళ్ళలే కాలిపోయి ఇంజను ఆగిపోయినదట. త్రాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కినవి. గాలి తిరిగినది. తెల్లవారిన తర్వాత పొరుగూరి పడవ ఒకటి చూచి లాగుకొని వచ్చేవరకు పడవలోని నలుగురు ఒకరి ముఖమొకరు చూచుకొంటూ కూర్చొన్నారట. ఆనాటి నుండి ఆయన వేటకు పోయినప్పుడెల్ల ఒక జత కొత్త పాయింట్లను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి మొలకు కట్టుకొని పోయేవాడు. ఈ మాటలు చెప్పి, పడవ వెనుక ఇంజను తగిలించవలెనని మొట్టమొదట తోచినది ఎవరికి సారూ అని మమ్ము అడిగినాడు. మేము తెలుగు చెప్పుకొని బ్రతికేవారము. ఆ క్షణాన మాకు జవాబు తోచలేదు. ఆలస్యముగానైనను ఆ ప్రశ్నకు చెప్పుకొంటున్న జవాబే ఈ వ్యాసము.

ఆ మనిషి పేరు ఓలే ఎవిన్‌రూడ్. 1877వ సంవత్సరం ఏప్రిల్ 19న నార్వే దేశంలో, యోవిక్ పట్టణ ప్రాంతంలోని ఒక రైతు కుటుంబంలో జన్మించినాడు. మన చెన్నపురి రాజధానిలో అది ఘోరక్షామం నడచిన కాలం. కూవం, అడయారు నదుల నడుమ సుమారు 8 కిలోమీటర్ల కాలువను క్షామపీడితుల చేత త్రవ్వించి, ఉత్తర దక్షిణ కాలువలను కలిపి, అప్పటి గవర్నరు పేరిట బకింగ్‌హాం కాలువ అని పిలిచినది 1877-78 లోనే. మన తీరగ్రామాల వెనుకగా పారి, ఉప్పును, కట్టెలను, ధాన్యాన్ని పడవలమీద చెన్నపట్నం చేర్చిన కాలువ అదే. ఆ పడవలను గట్టుమీద మనుషులు త్రాళ్ళతో లాగేవారు, లేదా గడకర్రలతో నెట్టేవారు, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. ఓలే పుట్టిన నాడు ప్రపంచంలో చిన్న పడవలన్నిటి గతి దాదాపుగా ఇదే. మనిషి భుజబలం, లేదా గాలి దయ.

ఓలేకు ఐదేండ్ల వయసున, 1882లో, ఆ కుటుంబం అమెరికాకు తరలిపోయినది. ఓడ ప్రయాణంలో ఆ పసివాడు మాటిమాటికీ యంత్రాల గదిలోనికి జారిపోయేవాడనీ, తల్లి వెదకి తెచ్చుకోవలసి వచ్చేదనీ చెబుతారు. ప్రఖ్యాతి పొందిన వారి బాల్యాన్ని గురించి ఇటువంటి కథలు తరువాత పుట్టుకొని రావడం కద్దు. కనుక దీనిని నమ్మినను నమ్మకున్నను నష్టం లేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో కేంబ్రిడ్జి అనే చిన్న ఊరి దగ్గర, రిప్లే సరస్సు సమీపాన, తండ్రి వ్యవసాయం పెట్టుకొన్నాడు. పదునొకండుగురు సంతానంలో ఓలే పెద్దవాడు. పెద్దకొడుకు చదువు సేద్యానికి బలి కావడం మన పల్లెలలో ఎంత మామూలో అక్కడనూ అంతే. బడి చదువు కొద్ది తరగతులతో ఆగిపోయినది.

ఆ బాలునికి పడవల మీద మోజు. తండ్రికి అది గిట్టదు. పడవ కొరకు కొడుకు దాచుకొన్న చెక్కలను తండ్రి పట్టుకొని తగులబెట్టినాడనీ, కొడుకు మరల రహస్యంగా చెక్కుకొని చివరకు పడవను నీటిలో దించినాడనీ ఒక కథ నిలిచి ఉన్నది. ఆ పడవలో ఎక్కించుకొన్నందుకు వేసవి విహారానికి వచ్చినవారి వద్ద రుసుము పుచ్చుకొన్నాడట. డబ్బు చూచిన తర్వాత తండ్రి మనసు కొంత మెత్తబడినదేమో!

పదహారవ యేట ఓలే మాడిసన్ నగరానికి పోయి వ్యవసాయ యంత్రాల కర్మాగారంలో పనివాడుగా చేరినాడు. పగలు యంత్రశాలలో పని, రాత్రి గణితము, యంత్రశాస్త్రము స్వయంగా చదువుకొనుట. తరువాత పిట్స్‌బర్గు, చికాగో, మిల్వాకీ నగరాలలో పలుచోట్ల పనిచేసినాడు. లోహపు పోతకు ముందు కొయ్యతో నమూనా చెక్కే విద్యలో చేయి తిరిగినవాడు కావడం ఆయన జీవితానికి పెద్ద మేలు చేసినది. మనసులోని యంత్రాన్ని మొదట కొయ్యలో, పిదప ఇనుములో, ఒకే మనిషి రూపు కట్టగలగడం ఆ రోజులలో అరుదు. 1900 ప్రాంతంలో భాగస్వామితో కలిసి మిల్వాకీలో పెట్రోలు ఇంజన్లు తయారుచేయ ప్రారంభించినాడు. ఆ కంపెనీ నిలువలేదు. మరియొకటి పెట్టినాడు, అదియు సాగలేదు. యంత్రం ఎదుట దీక్షాపరుడైన ఓలే, లెక్కల పుస్తకం ఎదుట మాత్రం అసహాయుడు. ఆ లోపం పూరించినది బెస్ కేరీ అనే యువతి. వాణిజ్య విద్య చదువుకొంటూ, సాయంకాలాలు వచ్చి ఆయన ఉత్తరాలు వ్రాసిపెట్టేది. 1906లో వారికి వివాహమైనది.

ఐస్‌క్రీము కథ ఈ కాలానికి చెందినదే. అది చెప్పకుండా ఓలే జీవితం చెప్పినవారు లేరు, కనుక మేమును చెప్పెదము. 1906 ఆగస్టులో ఒకనాడు మిత్రులందరు ఒకౌచీ సరస్సులోని లంకకు వనభోజనానికి పోయినారు. ఎండ మండిపోతున్నది. బెస్‌కు ఐస్‌క్రీము తినవలెనని కోరిక పుట్టినది. ఓలే పడవ వేసికొని, రెండు మైళ్ళకు మించిన దూరం తెడ్లు వేసికొంటూ ఒడ్డుకు పోయి, కొనుక్కొని, మరల తెడ్లు వేసికొంటూ వచ్చినాడు. వచ్చేసరికి అది కరగి పాలైపోయినది. చిన్న పడవకు ఇంజను ఉండవలెనన్న తలంపు ఆ చెమటలో పుట్టినదట. మా తీరంలో తెడ్డు వేసేవారికి ఐస్‌క్రీము దాకా పోనక్కరలేదు. ఎదురుగాలిలో వల నిండా చేపతో ఒడ్డు చేరేసరికి సరుకు మెత్తబడి ధర పడిపోయినవాడు ఆ తలంపు ఎక్కడ పుట్టినదో క్షణంలో గ్రహించగలడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవలెను. పడవ వెనుక తగిలించే ఇంజనును మొట్టమొదట చేసినవాడు ఓలే కాడు. 1896లోనే అమెరికాలో ఒక కంపెనీ అటువంటిది చేసినది. కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన 1906 నాటికి డెట్రాయిట్‌లో తయారుచేసి అమ్ముతున్నాడు. ఓలే చేసినది, సామాన్యుని చేతికి పనికివచ్చే ఇంజను. సిలిండరు అడ్డముగా, దాని కడ్డీ నిలువుగా, పైకొసన ఫ్లైవీలు, క్రింది కొసన పళ్ళచక్రాలు, నీటిలో పంకా. ఈ అమరిక ఎంత సరియైనదనగా నూరేండ్లు దాటినను ఆ రకపు ఇంజన్ల ఆకృతి మూలంలో మారలేదు.

1909లో మొదటి నమూనాను ఇంటికి తెచ్చి భార్యకు చూపించగా, ఆమె కాఫీగింజలు విసరే మరవలె ఉన్నదని ఎగతాళి చేసినదట. ఒక బాడుగ పడవకు దానిని బిగించి మిల్వాకీలోని కిన్నికినిక్ నదిలో పరీక్షించినారు. ఒక మిత్రుడు సరదాకు అరువు తీసికొనిపోయి, తిరిగి వచ్చేటప్పుడు పది ఇంజన్లకు ఆర్డర్లు, వాని సొమ్మును తెచ్చినాడు. అమ్మకానికి వచ్చిన ఇంజను బలం ఒకటిన్నర గుర్రాలు, బరువు 62 పౌన్లు, అనగా సుమారు 28 కిలోలు. బెస్ స్వయంగా ప్రకటనలు వ్రాసినది, తెడ్లు పారవేయుడని జనానికి పిలుపునిచ్చినది. తరువాత న్యూయార్కులోని ఒక ఎగుమతి వ్యాపారి ద్వారా ఆ ఇంజన్లు వేలకొలది ఐరోపా ఉత్తర తీరాలకు పోయినవి. అమెరికాలో విహారానికి కొన్న వస్తువును అక్కడి జాలరులు జీవనోపాధికి కొన్నారు. ఐదేండ్ల వయసున విడిచి వచ్చిన సముద్రతీరాలకు ఓలే ఈ విధంగా తిరిగి వెళ్ళినాడు.

ఆ మొదటి ఇంజనును మొదలుపెట్టడం ఒక సాహసం. ఫ్లైవీలు మీద కొయ్యపిడి ఒకటి ఉండేది. దానిని పట్టుకొని గిర్రున త్రిప్పవలెను. ఇంజను అందుకొన్నదా, ఆ పిడి కూడా చక్రంతోపాటు తిరుగుతూనే ఉంటుంది. చేయి వెనుకకు తీయడం ఆలస్యమైతే వేళ్ళు పచ్చడే. అయినను కొనుగోలుదారుని కలతపెట్టినది అది కాదు. త్రిప్పగా త్రిప్పగా ఇంజను అందుకొనకపోవడం అంతకంటె పెద్ద బాధ. పెట్రోలు ఉన్నది, గాలి ఉన్నది, నిప్పురవ్వ లేదు. మా ఉర్దూ విభాగపు మిత్రులు చింగారీ అనేది దీనినే. ఆ రవ్వ పుట్టే తీరును కొంచెము వివరించెదము, ఏలయనగా మా పెద్దాయన అరచేతిలో పెట్టిన బిళ్ళల రహస్యం అంతా ఇందులోనే ఉన్నది.

మొదట ఆ రవ్వకు ఆధారం బ్యాటరీ. కొద్ది సంవత్సరాలలో ఫ్లైవీలు లోపలనే అయస్కాంతాలు పొదిగే మాగ్నెటో పద్ధతి వచ్చినది. చక్రం తిరిగినప్పుడు అయస్కాంతం కాయిలును దాటిపోవును. పాయింట్లు మూసికొని ఉన్నంతసేపు కాయిలులోని లావు తీగచుట్టలో విద్యుత్తు పారుచుండును. సరియైన క్షణాన కడ్డీ మీది ఉబ్బు, దానిని క్యాము అంటారు, పాయింటును తట్టి తెరచును. ప్రవాహం తటాలున తెగును. ఆ తెగుటతోనే పక్కనున్న సన్నని తీగచుట్టలో వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, స్పార్కు ప్లగ్గు కొసల నడుమ రవ్వయై దూకును. పాయింట్ల మధ్యనే మంట లేవకుండ కండెన్సరు కాపాడును. మా విద్యార్థులు గమనించవలసినది, రవ్వ పుట్టేది ప్రవాహం పారుటలో కాదు, అది తెగుటలో.

రెండు దెబ్బల ఇంజనులో కడ్డీ ఒక చుట్టు తిరిగితే ఒక రవ్వ. నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్న ఇంజనులో ఆ బిళ్ళలు నిమిషానికి 4,000 సార్లు, సెకనుకు అరువదిసార్లకు పైగా, తెరచుకొని మూసికొనవలెను. అందుచేత ముఖాలు కాలును, గుంటలు పడును. ఉప్పుగాలి తగిలితే చిలుము పట్టును. క్యాముమీద రాసుకొనే దిమ్మ అరిగేకొద్దీ ఎడము తగ్గును. పాత ఇంజన్లలో అనేకానికి ఆ ఎడము అంగుళంలో వేయింట ఇరువది పాళ్ళు ఉండవలెను, అనగా అర మిల్లీమీటరు. ఎడము తక్కువైతే రవ్వ ఆలస్యమగును, పాయింట్లు త్వరగా కాలును. ఎక్కువైతే రవ్వ ముందుగా వచ్చును, బలహీనమగును.

మా పెద్దాయన ఆనాడు చేసినది మేము కన్నులార చూచినాము. కొత్త పాయింట్లను ముందుగా శుభ్రమైన గుడ్డతో తుడిచినాడు. ఫ్యాక్టరీ నుండి వచ్చినప్పుడు వానిపై ఉండే నూనెపొర వదలకపోతే కొత్తవి సైతం పనిచేయవట. పెట్టి, మరను సగం బిగించి, క్యాము ఉబ్బు సరిగా దిమ్మ క్రిందకు వచ్చేవరకు కడ్డీని చేతితో త్రిప్పినాడు. అప్పుడు ఫీలర్ గేజిలోని సన్నని ఇనుప రేకును రెండు బిళ్ళల నడుమ దూర్చినాడు. అది వదులుగా ఆడరాదు, పట్టి లాగవలసినంత బిగువుగానూ ఉండరాదు. మర బిగించిన తర్వాత మరల కొలిచినాడు, ఎందుకనగా బిగించడంలోనే ఎడము మారిపోవడం కద్దు. రెండవ జతకు అదే వరుస. పాత పాయింట్లను ఆకురాయితో రుద్ది సరిపెట్టుకోరాదా అని మేము అడిగినాము. ఒడ్డు చేరుటకైతే రుద్దవచ్చును, మరల వేటకు పోవుటకు పనికిరాదని జవాబు. క్యాముకు బొట్టంత గ్రీజు పూసి, అది పాయింట్ల మీదికి చిందకుండ వేలితో తుడిచి, ఫ్లైవీలు అమర్చి నట్టు బిగించినాడు. ఈ పనికంతటికి గంట పట్టలేదు.

మరల ఓలే కథకు వత్తము. వ్యాపారం పెరిగినది. దానితోపాటు బెస్ పనియు పెరిగినది. ఉత్తరాలు, లెక్కలు, ప్రకటనలు, ఇంట పసికందు. ఆమె ఆరోగ్యం క్షీణించినది. అప్పుడు ఓలే చేసిన పని మాకు ఆయన చేసిన ఇంజనుకంటె గొప్పగా తోచును. 1914లో, కంపెనీ ఉచ్ఛస్థితిలో ఉండగా, తన వాటా అంతయు భాగస్వామి క్రిస్ మయర్‌కు అమ్మివేసినాడు. ఐదేండ్ల వరకు ఈ వ్యాపారంలోనికి రానని వ్రాసి ఇచ్చినాడు. తన పేరు పెట్టుకొన్న కంపెనీ ఇతరులది కాగా, ముప్పది ఏడేండ్ల వయసున, భార్యను, కొడుకును వెంటబెట్టుకొని దేశం తిరగనారంభించినాడు. ఆమె కోలుకొన్నది.

చేతిలో పనిలేదు గాని బుద్ధి ఊరకుండలేదు. గడువు తీరేసరికి రెండు సిలిండర్ల కొత్త ఇంజనును రూపొందించినాడు. ఇనుముకు మారుగా అధికభాగం అల్యూమినియము. బలం మూడు గుర్రాలు, అనగా మొదటిదానికి ఇబ్బడి. బరువు 48 పౌన్లు మాత్రమే. మర్యాదగా ముందు పాత భాగస్వామికే చూపించినాడు. మయర్ అక్కరలేదన్నాడు. ఇటువంటి తిరస్కారాలు చరిత్రలో చాలమందికి మేలే చేసినవి. దంపతులిద్దరు 1921 నాటికి కొత్త కంపెనీని నిలబెట్టినారు. ఎల్టో అనే పేరు కట్టినది బెస్. తేలికగా ఉండి, తేలికగా మొదలయ్యే ఆ ఇంజను కొద్ది సంవత్సరాలలోనే ఎవిన్‌రూడ్ పేరు మోస్తున్న పాత ఇంజనును వెనుకకు నెట్టినది. తన పేరుతో తానే పోటీపడి గెలిచిన వ్యాపారులు ఎందరుందురు? 1929లో రెండు కంపెనీలు, మూడవది మరొకటియు కలిసి ఒకటైనవి. ఓలే దానికి అధ్యక్షుడైనాడు. పోగొట్టుకొన్న పేరు ఆ విధంగా తిరిగి చేతికి వచ్చినది.

వచ్చిన వెంటనే ఆర్థికమాంద్యం వచ్చినది. విహారపు పడవలకు ఇంజన్లు కొనేవారు కరవైనారు. కార్మికులకు పని నిలిపి ఉంచుటకు ఓలే తల క్రిందులుగా శ్రమించినాడు. 1933లో బెస్ మరణించినది. ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. 1934 జూలై 12న మిల్వాకీలో, ఏబది ఏడేండ్ల వయసున కన్నుమూసినాడు. కుమారుడు రాల్ఫ్ ఆ బాధ్యతను స్వీకరించినాడు. 1936లో జాన్సన్ కంపెనీ కూడ అందులో కలిసినది.

ఆ సంస్థ 2000వ సంవత్సరం చివర దివాలా తీసినది. ఇంజన్ల విభాగాన్ని కెనడా వారు కొన్నారు. 2020 మే నెలలో ఆ పేరుతో ఇంజన్ల తయారీని ఆపివేస్తున్నట్లు ప్రకటించినారు. పాయింట్ల కాలం అంతకుముందే ముగిసినది. 1970ల నుండి ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చి, తట్టుకొనే బిళ్ళల అవసరం తీసివేసినది. మన తీరంలో నేడు పడవల వెనుక మ్రోగేవి చాలవరకు డీజిల్ ఇంజన్లు. వానిలో గాలి ఒత్తిడి వేడికే నూనె అంటుకొనును, రవ్వతో పనిలేదు. ఫీలర్ గేజి పట్టుకొని పందిరి క్రింద కూర్చొనేవారు పల్లెకు ఒకరో ఇద్దరో మిగిలినారు.

మరుసటి వేసవిలో మేము ఈ విషయాలన్నియు వ్రాసికొని మరల ఆ గ్రామానికి పోయినాము. ఆ పాత ఇంజను పందిరి గుంజకు వ్రేలాడుచున్నది. మనుమడు త్రాడు లాగి చూపించగా మూడవ లాగుకు అందుకొన్నది. కాసేపు మ్రోగనిచ్చి ఆపినారు. పెద్దాయన చాప పరచి, మజ్జిగ ఇప్పించి, ఓలే కథ మొదటినుండి చివరిదాక విన్నాడు. తండ్రి చెక్కలు తగులబెట్టినచోట నవ్వినాడు. భార్య కొరకు కంపెనీ అమ్ముకొన్నచోట తల పంకించి, లోపల వంట చేస్తున్న ముసలమ్మ వైపు ఒకసారి చూచినాడు. అంతయు విని, ఇంజను చేసిన తర్వాత ఆయన ఆమెకు ఐస్‌క్రీము కరగకుండా తెచ్చి ఇచ్చినాడా లేదా అని మాత్రం అడిగినాడు. మేము చదివిన పుస్తకాలలో ఆ సంగతి లేదు.